రోదసిలో కరిగిన లోహం - నేల మీద నేర్చిన పాఠం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో, ఫౌండ్రీలో పనిచేసి రిటైరైన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాం. - సంపాదకవర్గం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల, పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, మనం చేసిన సేవకు దక్కిన హక్కని తేలింది. ఇలాంటి రోజున కరువు భత్యం గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడకుండా ఈయన రోదసి గురించి మాట్లాడతాడేమిటని మీకు అనిపించవచ్చు. తప్పు నాది కాదు, మన కార్యదర్శి గారిది. పోయిన నెల సమావేశం అయ్యాక టీ తాగుతూ నన్ను ఒక ప్రశ్న అడిగారు. "ఏమండీ, మన బకాయిలకు డబ్బుల్లేవంటారు. అంతరిక్షంలోకి కొలిమి పంపి లోహం కరిగిస్తామంటారు. ఇక్కడ కరగదా? మీరు ఫౌండ్రీ మనిషి కదా, దానివల్ల మనకేం ఒరుగుతుందో చెప్పండి" అన్నారు. నేను నవ్వి, సభలో చెబుతానన్నాను. ఇదిగో, ఇలా ఇరుక్కుపోయాను.

నేను 35 ఏళ్ళు పోత పని చూశాను. శాస్త్రవేత్తను కాను. ఇసుక అచ్చుల మధ్య, పొగలో బతికినవాణ్ణి. నాకు అర్థమైనంత వరకు, మన ఇళ్ళలో వాడే మాటల్లోనే చెబుతాను. ఇందులో నా సొంత సంగతి కూడా ఒకటుంది. అది నలభై ఏళ్ళకు పైగా నా మనసులో ఉంది. దానికోసమే ఈ అవకాశం తీసుకున్నానని ముందే ఒప్పుకుంటున్నాను.

వంటింట్లో ఫౌండ్రీ

మన ఆడవాళ్ళందరికీ తెలిసిన విషయంతో మొదలుపెడతాను. వెన్న కాచి, నెయ్యిని నెమ్మదిగా చల్లారనిస్తే పూస కడుతుంది. అదే నెయ్యిని గబగబా చల్లబరిస్తే పూస రాదు, మైనంలా పేరుకుంటుంది. నెయ్యి అదే, గిన్నె అదే. చల్లారిన తీరు వేరు. లోహం కూడా అంతే. కరిగిన ఇత్తడి గానీ, ఇనుము గానీ, అల్యూమినియం గానీ గడ్డకట్టేటప్పుడు లోపల పూసలు కడుతుంది. వాటిని మేము గ్రెయిన్స్ అంటాం. ఆ పూసలు ఎంత పెద్దవి, ఏ దిక్కుకు పెరిగాయి, వాటి సందుల్లో ఏం మిగిలింది అన్నదాని మీదే ఆ వస్తువు బలం ఆధారపడి ఉంటుంది.

రెండో ఉదాహరణ ఆవకాయ జాడీ. ఎంత బాగా కలిపి పెట్టినా మర్నాటికి నూనె పైకి తేలుతుంది, పిండి అడుగుకు దిగుతుంది. అందుకే మూడో రోజు తిరగకలుపుతారు. బరువైనది కిందికి, తేలికైనది పైకి. ఇది భూమి ఆకర్షణ చేసే పని. కరిగిన లోహంలోనూ ఇదే జరుగుతుంది. పోత ఇనుములో గ్రాఫైటు తేలికైనది కనుక పైకి చేరాలని చూస్తుంది. కంచులో సీసం కలిపితే అది బరువు కనుక అడుగుకు దిగాలని చూస్తుంది. ఆవకాయనైతే తిరగకలపవచ్చు. అచ్చులో పోసేసిన లోహాన్ని తిరగకలిపేదెవరు?

మూడోది పొయ్యి మీద ఎసరు. అడుగున వేడెక్కిన నీరు పైకి వస్తుంది, పైన చల్లనిది కిందికి వెళుతుంది. గిన్నెలో ఒక చక్రం తిరుగుతూనే ఉంటుంది. అచ్చులో ఉన్న లోహంలో కూడా ఇలాంటి ప్రవాహాలుంటాయి. అవి కంటికి కనబడవు. పెరుగుతున్న పూసల్ని అవి విరగగొడతాయి, ఒకచోటి పదార్థాన్ని మరోచోటికి మోసుకుపోతాయి. పోత చల్లారాక కోసి చూస్తే ఒక మూల మెత్తగా, ఒక మూల పెళుసుగా ఉంటుంది. అప్పుడు అందరం కలిసి మౌల్డర్ మీద పడతాం.

నా సంతకం

ఈ మౌల్డర్ మాట దగ్గరే నా సంగతి చెప్పేస్తాను. అది 1979. అప్పుడు నేను పనిచేసిన ఫౌండ్రీ పేరు గానీ, ఊరు గానీ చెప్పను. నాకు 32 ఏళ్ళు, షిఫ్టు ఇన్‌ఛార్జిని. సీసం ఎక్కువగా కలిసిన కంచుతో పెద్ద బేరింగ్ బుష్షులు పోయమని ఆర్డరు వచ్చింది. గోడ మందం ఎక్కువ. ఏ అచ్చు ఎలా కట్టాలి, లోహం ఎక్కణ్ణుంచి పోయాలి అని రాసిన మెథడ్ షీటు నాదే.

మా పెద్ద మౌల్డర్‌కు అప్పటికి యాభై దాటాయి. అందరం బాబాయ్ అని పిలిచేవాళ్ళం. నాలుగో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. అచ్చు సిద్ధం చేస్తూ నా దగ్గరకు వచ్చి, "బాబూ, ఇంత మందం ఇసుకలో నిదానంగా ఆరితే సీసం అడుక్కి జారుద్ది. అడుగున, పక్కల్ని ఇనప చిల్ దిమ్మలు పెడదాం. బేగా బిగుసుకుంటుంది" అన్నాడు. డ్రాయింగులో చిల్ లేదు. అది పెట్టాలంటే అచ్చు మళ్ళీ కట్టాలి, రెండు రోజులు ఆలస్యం. "రాసినట్టు చెయ్యి బాబాయ్" అన్నాను. ఆయన చేశాడు.

బుష్షులు లేతు మీద ఎక్కించాక బయటపడింది. కింది భాగంలో సీసం మచ్చలు మచ్చలుగా చేరింది. పైభాగంలో చాలినంత లేదు. మొత్తం తిరస్కరించారు. విచారణ జరిగింది. లేడిల్‌లో లోహాన్ని సరిగా కలపకుండా పోశారని, ఇది మౌల్డర్ అజాగ్రత్త అని నివేదికలో రాశారు. ఆ నివేదిక కింద ఒక సంతకం నాది. చిల్ దిమ్మల మాట అందులో ఎక్కడా లేదు. ఆయనకు ఒక ఇంక్రిమెంటు క్యుములేటివ్ ఎఫెక్టుతో ఆపేశారు. ఆ మాటకు అర్థం ఈ సభలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. అది ఒక ఏడాదితో పోయే నష్టం కాదు. జీతంలో ప్రతి నెలా, తరువాత పెన్షన్లో ప్రతి నెలా, ఆ తరువాత ఇంటావిడ ఫ్యామిలీ పెన్షన్లో కూడా ఆ కోత వెన్నంటే ఉంటుంది.

బాబాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సంగతి ఇక్కడ ఆపి, రోదసిలోకి వెళదాం. మళ్ళీ వస్తాను.

పడిపోతూ ఉండటమే భారరహిత స్థితి

అంతరిక్షంలో భూమి ఆకర్షణ ఉండదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతోంది. అక్కడ భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో ఇంచుమించు 90 శాతం ఉంటుంది. మరి వాళ్ళెందుకు తేలుతున్నారు? వాళ్ళూ, వాళ్ళ గది, గదిలోని వస్తువులూ అన్నీ కలిసి ఒకే వేగంతో భూమి చుట్టూ పడిపోతూనే ఉన్నాయి కనుక. తాడు తెగిన లిఫ్టులో మనిషి, చేతిలోని సంచీ కలిసి పడుతున్నట్టు. ఆ సమయంలో సంచీ బరువు చేతికి తెలియదు. పూర్తిగా సున్నా కాదు గానీ, చాలా స్వల్పంగా మిగులుతుంది. అందుకే సూక్ష్మ గురుత్వం అంటారు.

ఈ కిటుకు కొత్తది కాదు. బ్రిస్టల్ పట్టణంలో విలియం వాట్స్ అనే ఆయన 1782లో ఒక పేటెంటు తీసుకున్నాడు. కరిగిన సీసాన్ని ఎత్తు నుంచి జల్లెడ గుండా కిందికి పోస్తే, చుక్కలు పడుతూ పడుతూ గుండ్రమై గట్టిపడి, అడుగున నీళ్ళలో పడేవి. అలా తుపాకీ రవ్వలు తయారుచేశాడు. పడుతున్నంతసేపు చుక్కకు బరువు లేదు. అప్పుడు దాని ఆకారాన్ని నిర్ణయించేది తలతన్యత ఒక్కటే. తామరాకు మీద నీటిబొట్టును గుండ్రంగా చేసేదీ అదే.

ఇప్పుడు జర్మనీలోని బ్రెమెన్‌లో 146 మీటర్ల గోపురం ఉంది. దానిలోపల వస్తువును వదిలితే 4.74 సెకన్లు భారరహిత స్థితి దొరుకుతుంది. విమానాన్ని పైకి ఎగరేసి వంపు తిప్పి దించితే 20 సెకన్లు పైచిలుకు దొరుకుతుంది. చిన్న రాకెట్లో అయితే కొన్ని నిమిషాలు. అంతకు మించి కావాలంటే కక్ష్యలోకి వెళ్ళాలి. 1969 అక్టోబరులో సోయజ్-6 నౌకలో వలేరి కుబసోవ్ మొట్టమొదటిసారి రోదసిలో వెల్డింగు చేశాడు. 1973-74లో అమెరికా వాళ్ళ స్కైలాబ్‌లో చిన్న కొలిమి పెట్టి లోహాలు కరిగించారు. 1984లో మన రాకేశ్ శర్మ సాల్యూట్-7లో ఉన్న వారం రోజుల్లో చేసిన పనుల్లో పదార్థాలను కరిగించే ప్రయోగాలు కూడా ఉన్నాయి.

ఓడిపోయిన ప్రయోగం చూపిన దారి

మొదట్లో ఆశలు ఆకాశానికంటాయి. బరువన్నదే లేకపోతే ఆవకాయలో నూనె తేలదు, కంచులో సీసం దిగదు. అసలు కలవని లోహాలను కూడా రోదసిలో కలిపి పోత పోసి తెచ్చుకోవచ్చు అనుకున్నారు. కక్ష్యలో కర్మాగారాలు వస్తాయని పత్రికలు రాశాయి.

1970వ దశకంలో అల్యూమినియాన్నీ, ఇండియం అనే బరువైన మెత్తని లోహాన్నీ కలిపి, చిన్న రాకెట్లో పంపి, భారరహిత స్థితిలో గడ్డకట్టించారు. కిందికి వచ్చాక కోసి చూస్తే, రెండూ చక్కగా కలిసి ఉండాల్సింది పోయి, అల్యూమినియం నడిమధ్యలో, ఇండియం దాని చుట్టూ ఒరలాగా చేరి ఉన్నాయి. విడదీసే ఆకర్షణ లేకపోయినా విడిపోయాయి! ఎవరు విడదీశారు?

జవాబు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. వేడి ద్రవంలో ఉన్న చిన్న బొట్టుకు ఒక పక్క వేడి, ఒక పక్క చల్లన ఉంటే, రెండు పక్కల తలతన్యత సమానంగా ఉండదు. ఆ తేడా బొట్టును వేడి వైపుకు లాక్కుపోతుంది. దీనికి ఇటలీ శాస్త్రజ్ఞుడి పేరిట మారంగోని ప్రభావం అని పేరు. నేల మీద కూడా ఈ బలం ఎప్పుడూ ఉంది. కాని భూమి ఆకర్షణ అనే పెద్ద గొంతు ముందు దీని మాట వినిపించలేదు. పెద్ద గొంతు మూగబోయాక ఇది వినిపించింది.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాను. 1990ల మధ్యలో జర్మనీలో కొందరు పరిశోధకులు ఈ జ్ఞానాన్ని నేల మీది పోతలోకి తెచ్చారు. వాళ్ళకు కావలసింది మోటారు ఇంజన్లకు బేరింగ్ లోహం. అల్యూమినియంలో సీసమో, బిస్మతో సన్నని చుక్కలుగా సమంగా పరుచుకుని ఉండాలి. ఆ మెత్తని చుక్కలే షాఫ్టు ఒరుసుకోకుండా కాపాడతాయి. మామూలుగా పోస్తే ఆ చుక్కలు బరువు వల్ల అడుగుకు దిగిపోతాయి. వీళ్ళేం చేశారంటే, లోహాన్ని నిట్టనిలువు పట్టీగా పోస్తూ, కింది వైపు నుంచి తీవ్రంగా చల్లబరిచారు. పైన వేడి, కింద చల్లన. భూమి చుక్కను కిందికి లాగుతుంది. మారంగోని బలం వేడి వైపుకు, అంటే పైకి లాగుతుంది. రెండూ సమవుజ్జీలయితే చుక్క ఉన్నచోటే ఆగిపోతుంది. ఆ లోపల చుట్టూ లోహం బిగుసుకుంటుంది.

చూశారా, రాకెట్లో పోసిన ముక్క దేనికీ పనికిరాలేదు. అది నేర్పిన సంగతి నేల మీది పోతకు పనికొచ్చింది. కార్యదర్శి గారి ప్రశ్నకు నా జవాబు ఇదే. రోదసికి వెళ్ళేది అక్కడ గరిటెలు, బుష్షులు పోసి తెచ్చుకోవడానికి కాదు. కిలో లెక్కన చూస్తే ఎవరికీ గిట్టదు. భూమి ఆకర్షణ ఒక్కదాన్ని పక్కన పెట్టి చూస్తే తప్ప, ఇక్కడ మన అచ్చులో ఎవరు ఏ పని చేస్తున్నారో విడివిడిగా తెలియదు. అది తెలుసుకోవడానికే వెళతారు.

గాలిబుడగలు, కొమ్మలు, బొట్లు

మరి మూడు సంగతులు క్లుప్తంగా చెబుతాను.

పోత పనివాడికి ప్రథమ శత్రువు గాలిబుడగ. మా భాషలో బ్లోహోల్. లోహం గడ్డకట్టేటప్పుడు గాలి లోపల చిక్కుకుంటుంది. లోహం పారదర్శకం కాదు కనుక అది ఎలా పుట్టి ఎటు కదిలిందో చూడలేం. 2002లో అంతరిక్ష కేంద్రంలో గాజు గొట్టంలో, లోహంలాగే గడ్డకట్టే ఒక పారదర్శక పదార్థాన్ని కరిగించి, గడ్డకట్టించి, పెగ్గీ విట్సన్ అనే వ్యోమగామి ఆ బుడగల్ని కెమెరాతో చూపించారు. బుడగలు పైకి తేలవు. వేడి వైపుకు జరుగుతాయి, లేదా ఉన్నచోటే చిక్కుకుని పూసల పెరుగుదలను చెడగొడతాయి. దీన్నిబట్టి నాకు తెలిసింది, భూమి ఆకర్షణ మనకు ఎప్పుడూ శత్రువు కాదని. ఇక్కడ చాలా బుడగల్ని పైకి నెట్టి రైజర్లోకి పంపేస్తున్నది అదే కదా!

రెండోది, లోహంలో పెరిగే కొమ్మలు. గడ్డకట్టే లోహంలో చిన్న చిన్న చెట్ల ఆకారాలు పెరుగుతాయి. వీటిని డెండ్రైట్లంటారు. ఒక కాండం, దానికి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. అమెరికాలో మార్టిన్ గ్లిక్స్‌మన్ అనే ఆచార్యుడు ఇవి ఎంత వేగంతో, ఎంత కొసతో పెరుగుతాయో కొలిచే ప్రయోగాన్ని 1994, 1996, 1997లలో మూడుసార్లు షటిల్‌లో పంపారు. మూడోసారి, అంటే 1997 నవంబరులో, ఆ నౌకలో వెళ్ళినవారిలో మన దేశంలో పుట్టిన కల్పనా చావ్లా ఉన్నారు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా కూలినప్పుడు మనమందరం టీవీల ముందు కూర్చుని ఏడ్చాం. ఆవిడ మొదటి ప్రయాణంలో ఫౌండ్రీలకు పనికొచ్చే ప్రయోగం ఉందని మనలో ఎందరికి తెలుసు?

మూడోది, నాకు అన్నిటికంటె నచ్చినది. ఈనాడు పెద్ద ఫౌండ్రీలలో అచ్చు కట్టకముందే కంప్యూటర్లో పోత పోసి చూస్తారు. ఎక్కడ ముందు గడ్డకడుతుంది, ఎక్కడ బుడగ మిగులుతుంది, చిల్ ఎక్కడ పెట్టాలి అన్నది తెర మీద కనబడుతుంది. అయితే కంప్యూటరుకు లెక్కలు ఇవ్వాలి. కరిగిన లోహం చిక్కదనం ఎంత, తలతన్యత ఎంత, వేడిని ఎంత పట్టుకుంటుంది అని. పదిహేను వందల డిగ్రీల్లో మరిగే లోహాన్ని ఏ మూసలో పోసి కొలుస్తారు? మూసే దానిలో కలిసి లోహాన్ని పాడుచేస్తుంది. అందుకని మూస లేకుండా, అయస్కాంత బలంతో బొట్టును గాలిలో నిలిపి కొలవాలి. నేల మీద బొట్టును నిలపడానికి చాలా బలం కావాలి. ఆ బలమే బొట్టును నొక్కి, లోపల సుడులు తిప్పుతుంది. భారరహిత స్థితిలో కొద్దిపాటి బలం చాలు. బొట్టు నిశ్చలంగా, గుండ్రంగా నిలుస్తుంది. దాన్ని ఒక్కసారి చిన్నగా నొక్కి వదిలితే మజ్జిగ పులుసులో గారెలా ఊగుతుంది. ఎంత వేగంగా ఊగిందో చూసి తలతన్యత, ఊగడం ఎంత త్వరగా ఆగిందో చూసి చిక్కదనం లెక్కగడతారు.

ఇలాంటి యంత్రం 2014లో అంతరిక్ష కేంద్రానికి చేరింది. జర్మన్ వ్యోమగామి అలెగ్జాండర్ గెర్‌స్ట్ దాన్ని బిగించబోతే, రవాణాలో కదలకుండా వేసిన బోల్టు ఒకటి ఊడి రాలేదు. చివరికి హాక్సా బ్లేడు పెట్టి కోశాడు. ఇనుప రజను గదంతా ఎగిరి యంత్రాల్లో దూరకుండా, కోసేచోట షేవింగు నురగ పట్టించాడు. ఇది చదివినప్పుడు నాకు మా వర్కుషాపు గుర్తొచ్చింది. ఎన్ని కోట్ల యంత్రమైనా బోల్టు పట్టేస్తే హాక్సాయే దిక్కు.

కొత్త పదార్థాలు

పోతతో పాటు కొత్త పదార్థాల మాట కూడా చెప్పాలి. టైటానియం, అల్యూమినియం కలిపిన ఒక మిశ్రమం విమాన ఇంజన్లలో వాడే నికెల్ మిశ్రమంలో సగం బరువే ఉంటుంది. వేడిని తట్టుకుంటుంది. అయితే పోత పోయడం మహా కష్టం. 2004లో యూరప్ దేశాల సంస్థలు కలిసి ఇంప్రెస్ అనే పథకం మొదలుపెట్టి, విమానాల్లోను, రాకెట్లలోను భారరహిత స్థితిలో కొలతలు తీసి, ఆ లెక్కలతో టర్బైను బ్లేడ్ల పోతను దిద్దుకున్నాయి. ఇంజను బరువు తగ్గితే ఇంధనం తగ్గుతుంది, పొగ తగ్గుతుంది.

మరొకటి గాజు లోహం. చక్కెర పాకాన్ని నెమ్మదిగా ఆరనిస్తే పటికబెల్లం పలుకులు కడుతుంది. గబుక్కున చల్లబరిస్తే పలుకు లేకుండా గాజుముక్కలా నిగనిగలాడుతుంది. అమెరికాలోని కాల్టెక్ సంస్థ వారు 1990ల ఆరంభంలో, మరీ గబుక్కున చల్లబరచకపోయినా పూస కట్టని జిర్కోనియం మిశ్రమాలను తయారుచేశారు. వాటి గుణాలను తేలే బొట్లుగా షటిల్‌లో కొలిచారు. ఆ జాతి లోహం గోల్ఫ్ కర్రలకూ పనికొచ్చింది, 2001లో సూర్యుడి గాలిని పట్టి తేవడానికి వెళ్ళిన జెనిసిస్ నౌకకూ పనికొచ్చింది.

మన గడ్డ మీది సంగతి కూడా ఒకటి. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి వెళ్ళిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు, సుమారు 550 కిలోల గుళికను కక్ష్యలో పెట్టింది. దానిలో ఒక చిన్న కొలిమి ఉంది. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం కలిసి, లోహం కరిగి స్ఫటికాలు కట్టే తీరును అందులో పరీక్షించాయి. పన్నెండు రోజులు తిరిగి, జనవరి 22న ఆ గుళిక బంగాళాఖాతంలో దిగితే మనవాళ్ళు పట్టుకొచ్చారు. పంపడం ఒక ఎత్తు, క్షేమంగా తిరిగి తెచ్చుకోవడం ఒక ఎత్తు.

ఇక మన హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, ఒకే ఒక్క పూసగా పెరిగిన టర్బైను బ్లేడ్లు పోయడం సాధించింది. 2021లో హెలికాప్టరు ఇంజనుకు 60 బ్లేడ్లు అందించింది. అవి నేల మీద పోసినవే. అయితే అలాంటి బ్లేడ్లలో మచ్చలు పడటానికి కారణం, గడ్డకట్టే కొమ్మల సందుల్లో పైకి ఎగదన్నే ప్రవాహాలు. ఇందాకటి ఎసరు సంగతే. రోదసిలో ఆ ప్రవాహాలు లేకుండా చూసినప్పుడే అవి ఉన్నచోట ఎంత హాని చేస్తున్నాయో లెక్క తేలుతుంది. ఇంకో ముచ్చట. ఈ బ్లేడ్ల పోతకు వాడేది మైనపు అచ్చు పద్ధతి. మన ఆదిలాబాదు ఓజాలు డోక్రా బొమ్మలు పోసేది కూడా మైనపు అచ్చుతోనే.

మళ్ళీ బాబాయ్ దగ్గరకు

1996లో హైదరాబాదులో ఒక వర్కుషాపుకు నన్ను పంపారు. ఒక ఆచార్యుడు తెర మీద ఇందాక చెప్పిన అల్యూమినియం, ఇండియం ముక్క ఫోటో వేశారు. తరువాత బేరింగ్ లోహాల్లో చుక్క ఎంత సేపట్లో ఎంత దూరం జారుతుందో లెక్క వేసి చూపారు. "పోసే ముందు లేడిల్‌లో ఎంత కలిపినా, అచ్చులో నిదానంగా ఆరితే చుక్కలు కలిసి పెద్దవై దిగిపోతాయి. వేగంగా చల్లబరచడమే మార్గం" అన్నారు. నాకు ముచ్చెమటలు పోశాయి. పదిహేడేళ్ళ కిందట బాబాయ్ నాకు చెప్పిన మాట అక్షరాలా అదే.

నిజం చెప్పాలంటే చిల్ దిమ్మల సంగతి పాత పుస్తకాల్లోనే ఉంది. నేను సరిగా చదవలేదు. చదవని తప్పు నాది, చెప్పినా వినని తప్పు నాది, కోత మాత్రం ఆయనది. రాకెట్టు నాకు కొత్తగా చెప్పిందేమిటంటే, ఆయన చేతికి తెలిసిన దాని వెనుక లెక్క ఉందని. ఆయన అనుభవం ఊహ కాదని.

ఊరికి వచ్చి వాకబు చేశాను. బాబాయ్ 1991లోనే పోయారు. పిన్ని గారు ఫ్యామిలీ పెన్షన్ మీద ఉన్నారు. జరిగింది ఆవిడకు చెప్పి, నా తప్పును ఒప్పుకుంటూ ఒక అర్జీ రాసి, ఆవిడ సంతకంతో పాటు నా సంతకమూ పెట్టి పంపాను. ఎన్నో ఏళ్ళ కిందట ముగిసిన విషయాన్ని తిరిగి తెరవలేమని రెండు వాక్యాల జవాబు వచ్చింది. మళ్ళీ రాశాను. దానికి జవాబు రాలేదు. పిన్ని గారు, "పోనీ నాయనా, ఆయన తప్పు కాదని నువ్వన్నావు, అది చాలు" అన్నారు. అది చాలదని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆవిడ కూడా ఇప్పుడు లేరు. వారి పిల్లల చేతికి ఈ సంచిక అందేలా చూడమని సంపాదకుల్ని కోరాను.

మనలో చాలామంది ఏదో ఒక రోజు ఏదో ఒక నివేదిక కింద సంతకం పెట్టినవాళ్ళమే. పోత పాడైతే పోసినవాడు, బస్సు ఆగిపోతే నడిపినవాడు, లెక్క తేలకపోతే గుమాస్తా. అసలు కారణం ఒక్కోసారి కంటికి కనబడని చోట ఉంటుంది. దాన్ని వెతకడానికి ఓపిక కావాలి, ఖర్చు కావాలి. ఆ వెతుకులాటలో కొంత భాగాన్ని మనుషులు 400 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి చేస్తున్నారు. అందుకు పెట్టే ప్రతి రూపాయీ సద్వినియోగమవుతోందని నేను అనను. మన బకాయిలు మనకు రావాలి, ఆ పోరాటం సాగాల్సిందే. కాని కార్యదర్శి గారూ, ఇక్కడ కరగదా అని మీరడిగారు. కరుగుతుంది. ఎందుకు పాడవుతుందో మాత్రం ఇక్కడే కూర్చుంటే పూర్తిగా తెలియదు.

మీ మనవలు, మనవరాళ్ళు లోహశాస్త్రం చదువుతామంటే వద్దనకండి. చదివి ఫౌండ్రీలో చేరితే, మొదటి రోజు పెద్ద మౌల్డర్ దగ్గర కూర్చుని ఆయన చెప్పింది వినమనండి. కంప్యూటరు ఆ తరువాత తెరవవచ్చు.

 టీ చల్లారిపోతోందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. సెలవు తీసుకుంటాను. నమస్కారం.